నిప్పు గొంతుక: పాత దారం

కిందటి వారం సింధూజను కోదాడ ఫ్యాక్టరీలో, మైక్రోస్కోపు ముందు వదిలి వచ్చాం. అందులో కనిపించింది నిజం కాకూడదని ఆమె అద్దాన్ని తుడిచి మళ్లీ చూసింది. మళ్లీ అదే కనిపించింది.

కోదాడ బయట, హైవే పక్కన దామోదర్ పెట్టిన ఆ చిన్న ఫ్యాక్టరీలో, రాకెట్ తోకన నిప్పు చిమ్మే నాజిల్‌కు కావలసిన నల్లటి కార్బన్ గుడ్డ తయారవుతుంది. రాకెట్‌లోని నిప్పంతా ఒక ఇరుకు దారిగుండా బయటికి తన్నుకొస్తుంది. ఆ దారిని అక్కడివాళ్లు గొంతు అంటారు. ఈ గుడ్డను జిగురులో ముంచి, పొరల మీద పొరలుగా చుట్టి, కాల్చి గట్టిపరిచిన రింగునే ఆ గొంతు లోపల అమరుస్తారు. రింగు పైపైన కాలుతుంది. కానీ వేడిని వెనక్కి పోనివ్వదు. దాని వెనకున్న ఉక్కు కరగకుండా నిలబడేది ఆ ఒక్క గుణం వల్లనే.

ఇన్నేళ్లూ ఆ గుడ్డకు మూలం విదేశం నుంచి వచ్చే ఒక రేయాన్ దారం. దాన్ని గుడ్డగా నేసి, కాల్చి బొగ్గు చేసేవారు. ఆ దారం చేసే కంపెనీ మూతపడింది. బజారులో దొరికే మామూలు కార్బన్ దారం గట్టిదే గాని, వేడిని చకచకా లోపలికి మోసుకుపోతుంది. అది పనికిరాదు. పత్తి గింజలను అంటిపెట్టుకొని మిగిలిపోయే పొట్టి నూగును గుజ్జు చేసి, కరిగించి, కొత్త దారం తీయవచ్చని పట్టుబట్టి కూర్చున్న మనిషి సింధూజ. తిరుమలగిరి పత్తి రైతు లింగన్న కూతురు. ముప్పై ఏళ్లు దాటాక ఆమె ఇంకే పని గురించీ ఆలోచించలేదు.

ఎండాకాలంలో ఆ కొత్త గుడ్డ ముక్కను సముద్రపు ఒడ్డున ఉన్న పరీక్షా కేంద్రానికి పంపారు. మంటలో అది పాత గుడ్డకు ఏ మాత్రం తీసిపోకుండా నిలిచిందని కబురొచ్చింది. ఫ్యాక్టరీలో మిఠాయిలు పంచారు. లింగన్న తిరుమలగిరి బస్టాండులో కనిపించిన ప్రతివాడినీ ఆపి, మన పత్తి రాకెట్ల పోతున్నదని చెప్పాడు. ఆ నమ్మకంతోనే సింధూజ దగ్గరుండి కొత్త గుడ్డతో నిండు నాజిల్ తయారు చేయించింది. దామోదర్ కొడుకు కార్తీక్ లారీ వెంట దాన్ని పరీక్షా కేంద్రానికి తీసుకువెళ్లాడు. బుధవారం దాన్ని మండించబోతున్నారు.

కంపెనీ గోడకు ఒక ఫోటో పెడదామని, పరీక్షలో నెగ్గి తిరిగొచ్చిన ఆ ముక్కను శనివారం సింధూజ అడ్డంగా కోసి మైక్రోస్కోపులో పెట్టింది.

తల వెంట్రుకకంటే సన్నటి పోగును అడ్డంగా కోసి చూస్తే దాని పుట్టుక తెలిసిపోతుంది. విదేశీ రేయాన్ పోగు అంచు బీరకాయ చక్రంలా గట్లుగట్లుగా ఉంటుంది. సింధూజ తీసిన కొత్త పోగు దొండకాయ చక్రంలా నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కాల్చి బొగ్గు చేసినా ఆ ఆకారం మారదు.

మైక్రోస్కోపులో అన్నీ బీరకాయ చక్రాలే ఉన్నాయి.

అంటే పరీక్షలో నెగ్గింది కొత్త దారం కాదు. పాతదే. కొత్త దారం ఇంతవరకు ఆ పెద్ద మంట మొహమే చూడలేదు.

ఆ ముక్కను చుట్టి, గట్టిపరిచి, పెట్టెలో పెట్టి పంపింది ఒకే ఒక్క మనిషి. సింధూజకు ఈ విద్య నేర్పినవాడు. యుగంధర్.

*

ఆదివారం పొద్దున సింధూజ కోదాడలో బస్సెక్కి సూర్యాపేటలో దిగింది. దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే ప్రశ్న. చేతి పొరపాటా, కావాలని చేసిన పనా? పొరపాటైతే ఆయన ఇన్ని నెలలు తెలుసుకోకుండా ఉంటాడా? గుడ్డలో ఒక్క పోగు పక్కకు జరిగితే దూరం నుంచే పట్టుకొనే మనిషి. హైదరాబాదులో పెద్ద ప్రయోగశాలలో సగం జీవితం గడిపి, పెద్దవూరలో ఉన్న పొలం చూసుకోవాలని ఉద్యోగం వదిలేసి వస్తే, దామోదర్ వెంటపడి తెచ్చుకున్న మనిషి.

తలుపు తీసింది యుగంధర్ భార్య అరుంధతి. అంగన్‌వాడీలో టీచరమ్మ. చేతిలో చిక్కుడుకాయల గిన్నె ఉంది.

"ఓ సింధూ, రా బిడ్డా. ఫోన్ గూడ చెయ్యకపోతివి. టిఫిన్ చేసినవా?"

"అయింది అమ్మా. సార్ ఉన్నరా?"

"యాడికి పోతడు? లోపలే ఉన్నడు." ఆ మాట అనేటప్పుడు అరుంధతి ముఖంలో ఏదో మెదిలి మాయమైంది. సింధూజ దాన్ని గమనించే స్థితిలో లేదు.

యుగంధర్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పొద్దుటి వెలుతురు ఒక చెంప మీద పడుతోంది. సింధూజ గొంతు వినగానే ముఖం విప్పారింది.

"రా బిడ్డా, కూసో. ఆదివారం పూట గిట్లొచ్చినవ్, ఏంది సంగతి? కార్తీక్ ఫోన్ చేసిండా?"

"చేసిండు సార్. నాజిల్ మంచిగనే చేరిందట."

"మరేంది?"

సింధూజ సంచిలోంచి మూడు ఫోటోలు తీసింది. ఆయన ముందున్న చిన్న బల్ల మీద వరసగా పరిచింది.

"సార్, గీ మొదటిది మన కొత్త పోగు. నడుమది పాత రేయాన్‌ది. గీ చివరిది ఎండకాలంల పరీక్షల నెగ్గిన ముక్కది. నిన్న నేనే కోసి తీసిన. ఇది రెండిట్ల దేని లెక్కున్నదో మీరే చెప్పుండ్రి."

యుగంధర్ చివరి ఫోటోను అందుకున్నాడు. ముఖానికి దగ్గరగా తెచ్చాడు. కొంచెం పక్కకు తిప్పాడు. మళ్లీ దూరం పెట్టాడు.

"మంచిగనే వచ్చింది ఫోటో," అన్నాడు.

"ఫోటో సంగతి కాదు సార్. దేని లెక్కున్నది?"

"కొత్తదాని లెక్కనే ఉన్నది గదా. కొత్తదే గదా మనం పంపింది."

సింధూజ ఆయన ముఖంలోకి చూసింది. బడికి పోయే పిల్లకు చూపించినా తేడా చెప్పేస్తుంది. ఒకటి గట్లుగట్లుగా ఉంది, ఒకటి నున్నగా ఉంది. ఈయన కళ్లెదుట పెట్టుకొని కూడా అబద్ధం ఆడుతున్నాడు.

"ఇంకొకపారి సూడుండ్రి."

"సూసిన బిడ్డా. కొత్తదే."

"సార్!" ఆమె గొంతు పెరిగింది. "నన్నేమనుకుంటున్నరు మీరు? పోగును అడ్డంగ కోసి సూసుడు నాకు నేర్పింది మీరే గదా. గిప్పుడు నా ముంగట్నే కూసోని, బీరకాయను దొండకాయ అంటున్నరు. పాత గుడ్డ పెట్టి పంపిండ్రు మీరు. పంపి, నెగ్గినమని చెప్పిచ్చిండ్రు. మా నాయిన ఊరంత చెప్పుకున్నడు. కార్తీక్ గా నాజిల్ పక్కన నిలబడి ఫోటోలు దిగి పంపుతున్నడు. దాంట్ల ఉన్న గుడ్డ ఎన్నడు పెద్ద మంటల పెట్టలేదని మీకెరుకే. ఎరుకై గూడ నవ్వుకుంట మిఠాయి తిన్నరు. ఎందుకు చేసిండ్రు సార్? పేరు కోసమా? నా పని మీద మీకు నమ్మకం లేకుంటే నా మొహం మీదనే చెప్పాలె. గిట్ల దొంగతనం చెయ్యాల్నా?"

యుగంధర్ ఫోటోను బల్ల మీద పెట్టబోయాడు. అది బల్ల అంచు దాటి కింద పడింది. ఆయన వంగి దాని కోసం నేలంతా తడిమాడు. ఫోటో ఆయన పాదం పక్కనే ఉంది. చేయి దాన్ని దాటి అటువైపు పోయింది.

అప్పుడు గుమ్మంలోంచి అరుంధతి గొంతు వినిపించింది.

"ఆయనకు కనపడదు సింధూ."

"అరుంధతీ!" యుగంధర్ అరిచాడు. "నీకెందుకు? నువ్వు లోపలికి పో."

"పోను." ఆమె గిన్నె కింద పెట్టి ముందుకొచ్చింది. "ఎంత కాలం దాస్తవ్? పిల్ల నిన్ను దొంగ అంటున్నది. అనిపించుకుంటవా? షుగర్ కండ్లల్లకు దిగింది బిడ్డా. కంటి ఎనక నరాలల్ల నెత్తురు చిమ్మింది అన్నడు డాక్టర్. కంట్లకే సూదిమందు ఏసిండ్రు. ఒక కన్నుకు ఏం లాభం కాలే. రెండోదాంట్ల నడుమంత మసకే, అంచులు మాత్రం అగుపడ్తయ్. పోయినేడు దసరా కాడ్నుంచి ఇదే కథ. ఎవ్వరికి చెప్పొద్దని నాతోటి ఒట్టేయించుకున్నడు."

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు.

సింధూజకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కొన్ని నెలలుగా ఆయన రిపోర్టులు తనతో చదివించుకోవడం. "నా అద్దాలు మర్చిపోయిన బిడ్డా, జర సదువు" అనడం. కంపెనీ బస్సులో ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం మీద చెయ్యి వేసి దిగడం. వయసు తెచ్చిన చనువనుకుంది. ఆమె వంగి ఫోటో తీసి, ఎదురుగా కూర్చుంది.

"ఎట్ల జరిగింది సార్?" అంది నెమ్మదిగా.

యుగంధర్ తన అరచేతులకేసి తల వంచాడు.

"నువ్వు మీ చెల్లె పెండ్లికి తిరుమలగిరి పోయినవ్ గదా, గా వారం. ముక్క పంపాలె, టైం లేదు. నేనే చేస్త అనుకున్న. గుడ్డ చుట్టుడుకు నాకు కండ్లు అక్కర లేదు. చేతి యేల్లు సాలు. స్టోర్ల రెండు గుడ్డ చుట్టలు పక్కపక్కనే ఉన్నయ్. ఒకటి కొత్తది, ఒకటి పాతదాంట్ల మిగిలింది. రెండు నల్లయే. చీటీ మీద రాసింది నాకు కనపడలే. ఎవర్నన్న అడిగితే అయిపోతుండె. అడిగితే, సార్‌కు కండ్లు కనపడ్తలేవని తెలుస్తది. అందుకే అడగలే. కుడి పక్కది కొత్తదని ఎరుక, అది తీసిన. ఎవలో ఊడ్చేటప్పుడు అటుదిటు పెట్టిండ్రు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మిఠాయిలు పంచిన్నాడు. నాజిల్‌కు గుడ్డ ఎంతున్నదో సూద్దామని స్టోర్లకు పోయి చుట్టలు లేపి సూసిన. పాత చుట్ట తేలిగ్గ ఉన్నది. కొత్తది నిండుగ, కట్టు గూడ ఇప్పకుండ ఉన్నది."

"గప్పుడన్న చెప్పుడుండె గద సార్."

"చెప్దామనే బయటికొచ్చిన. నువ్వు మీ నాయినతోటి ఫోన్‌ల మాట్లాడుతున్నవ్. నవ్వుతున్నవ్. నువ్వట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే. అంటే, ఇనలే." ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదు. అది గూడ అబద్ధమే. నీ కోసం కాదు. చెప్తే, ఎట్ల జరిగిందని అడుగుతరు. కండ్లు పోయినయని తెలుస్తది. ఇంట్ల కూసో అంటరు. గీ చేతులకు ఇంకో పని రాదు బిడ్డా. భయమేసింది. గంతే. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటనే నాజిల్ తయారైంది, లారీ ఎక్కింది."

అరుంధతి గోడకు ఆనుకొని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

ఆయన్ని దొంగ అన్నందుకు సింధూజకు సిగ్గేసింది. ఆ చేతులు పట్టుకొని ఏడవాలనిపించింది. కానీ ఆమె లోపల ఇంకోటి కూడా ఉంది. అది మెత్తబడలేదు.

"మిమ్మల్ని దొంగ అన్న. తప్పు నాది," అంది. "కని సార్, ఒక్క మాట. కండ్లు కనపడలేదని నాకు కోపం లేదు. నోరు మూసుకున్నందుకు కోపమున్నది. అది గింతల పోదు."

"పోవద్దు," అన్నాడు యుగంధర్.

"బుధవారం మండిస్తరు. కొత్త గుడ్డ ఆగుతదో ఆగదో నాకే తెల్వదు. ఇయ్యాల్నే మిర్యాలగూడ మిల్లుకు పోయి దామోదర్ సార్‌కు చెప్పాలె. అక్కడికెల్లి పరీక్షా కేంద్రానికి ఫోన్ చేపియ్యాలె."

యుగంధర్ కుర్చీ చేతిని పట్టుకొని లేచాడు.

"మిర్యాలగూడకు నేను గూడ వస్త. నా నోటితోటి నేనే చెప్త. అరుంధతీ, నా చొక్కా ఇయ్యి."

*

మిర్యాలగూడ బస్సులో యుగంధర్‌ను సింధూజ కిటికీ వైపు కూర్చోబెట్టింది. కళ్లు కనపడని మనిషికి కిటికీ ఎందుకని తర్వాత అనిపించింది గాని, ఆయన తల అటే తిప్పి కూర్చున్నాడు. గాలికి ఎండుతున్న వడ్ల వాసన వస్తోంది.

"కోతలైనట్టున్నయ్ గదా?"

"సగం అయినయ్ సార్. రోడ్డు మీద ఒక పక్కంత వడ్లే పోసిండ్రు. మొగులు పట్టింది, అందరు పట్టాలు కప్పుతున్నరు."

"అల్పపీడనం అన్నడు వార్తలల్ల." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నాకు అంచులు కనపడ్తయ్ సింధూ. గిప్పుడు నీ చెవి కనపడ్తున్నది, చెవికి ఉన్న కమ్మ కనపడ్తున్నది. మొహం కనపడ్తలేదు. మొదట్ల చాన భయపడ్డ. ఇగ అలవాటైంది."

నేరేడుచర్ల దాటాక రోడ్డు గతుకులైంది. బస్సు కుదుపులకు ఆయన చేయి ముందు సీటు కమ్మీని వెతుక్కుంటుంటే, సింధూజ ఆ చేతిని తీసి కమ్మీ మీద పెట్టింది. కోపం తగ్గి కాదు. ఆయన పడిపోతాడని.

దామోదర్‌ది తాతల నాటి రైస్ మిల్లు. కార్బన్ గుడ్డ ఫ్యాక్టరీ పెట్టి ఇన్నేళ్లైనా, కోతల కాలంలో ఆయన మిల్లు వదిలి కదలడు. మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆఫీసు గదిలో కిటికీ అద్దం మీద, బల్ల మీద, దామోదర్ మీసాల మీద కూడా సన్నటి ఊక దుమ్ము పేరుకొని ఉంది. ఇద్దరినీ కలిపి చూడగానే ఆయన కళ్లజోడు తీశాడు.

"ఇద్దరొచ్చిండ్రంటే ఏదో ఉన్నది. కూసోండ్రి. చెప్పుండ్రి."

యుగంధర్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. తన కళ్ల సంగతి, స్టోర్‌లో చుట్టల సంగతి, మిఠాయి రోజు, ఆ తర్వాతి మౌనం. ఎక్కడా తడబడలేదు. ఒక్క చోట మాత్రం, "ఇది సింధూజకు నిన్నటిదాక ఎరుక లేదు, గది మీరు మతికి పెట్టుకోవాలె" అని రెండుసార్లు అన్నాడు.

దామోదర్ విన్నంతసేపూ బల్ల మీది దుమ్ములో వేలితో గీతలు గీస్తూ ఉన్నాడు. విన్నాక లేచి తలుపు దగ్గరగా వేశాడు. మిల్లు చప్పుడు తగ్గింది.

"మనం ముగ్గురం కాకుండ ఇంకెవరికి తెలుసు?"

"అరుంధతమ్మకు తెలుసు," అంది సింధూజ. "ఇంకొద్ది సేపట్ల పరీక్షా కేంద్రానికి తెలుస్తది."

"ఆగమ్మా. ఆగు జర. నేను చెప్పేది విను." ఆయన మళ్లీ కూర్చున్నాడు. "నువ్వు ఇప్పుడు ఫోన్ చేస్తే ఏమైతది? నాజిల్ దించేస్తరు. మన మీద నమ్మకం పోతది. ఇంకొకపారి మనల్ని గేటు లోపలికి రానియ్యరు. నేత నేర్చుకున్న ఆడపిల్లలు ఉన్నరు, కోదాడ చుట్టుపక్కల ఊర్లోల్లు. వాళ్లను ఇంటికి పొమ్మనాలె. నీ దారం గూడ ఆడికి ఖతం. ఇంకెవరు ముట్టుకోరు దాన్ని. చెయ్యకుంటే ఏమైతది? బుధవారం నాడు మండిస్తరు. నీ గుడ్డ మంచిదైతే ఆగుతది. నువ్వు చేసిందాని మీద నీకు నమ్మకం లేదా? ఎట్లైనా బుధవారం నిప్పే చెప్తది గదా. మనం ముందుగాల చెప్పుకునేది ఏమున్నది?"

ఆ మాటలో బలం ఉంది. సింధూజకు తన దారం మీద నమ్మకం ఉంది కూడా. ఫ్యాక్టరీలోని చిన్న మంటల్లో అది ఎన్నోసార్లు నిలిచింది. నోరు మూసుకొని ఉంటే, బుధవారం సాయంత్రానికి అంతా నిజమే అయిపోవచ్చు. అబద్ధం కాస్తా నిజమైపోతుంది. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు. యుగంధర్ సార్ కళ్ల సంగతి కూడా బయటపడదు. నాయినకు మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసి ఆమెకే భయమేసింది. పొద్దున ఆయన్ని తప్పుపట్టింది ఇందుకే కదా. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అని ఆయన ఎట్లా అనుకున్నాడో ఇప్పుడు ఆమెకు బాగా తెలిసింది.

"నిప్పు చెప్తది సార్," అంది. "కని నిప్పు చెప్పేటప్పుడు దాని దగ్గర మనుషులుంటరు. వాళ్లు ఇది ఒకసారి నెగ్గిన గుడ్డ అనుకొని మండిస్తరు. ఎన్నడు పరీక్ష కానిదని తెలిస్తే వేరేగ మండిస్తరు. దూరం పోతరు, జాగ్రత్తలు పెంచుతరు, మొదలు గింత ముక్కను మండించి సూస్తరు. గది వాళ్ల హక్కు. నా నమ్మకం మీద వాళ్లను నిలబెట్టొద్దు సార్."

"వాళ్లు గోడల ఎనక ఉంటరమ్మా."

యుగంధర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"దామోదర్ సాబ్, పాత ఉద్యోగంల గా గోడ ఎనక నేను గూడ నిలబడ్డ. మండేటప్పుడు అందరు ఎనకనే ఉంటరు. ఆరినంక ఉరికొస్తరు సూడ్డానికి. గప్పుడు లోపల ఏమున్నదో ఎవలకు ఎరుక? కార్తీక్ పిల్లగాడు. అందరికంటె ముందు వాడే ఉరుకుతడు."

దామోదర్ వేలు దుమ్ములో గీస్తున్న గీత దగ్గర ఆగిపోయింది.

బయట ఒక ట్రాక్టర్ వెనక్కి వస్తోంది. ఎవరో దానికి దారి చెబుతూ కేకలేస్తున్నారు. దామోదర్ ఆ కేకలు ఆగేదాకా కూర్చున్నాడు. తర్వాత సొరుగు లాగి ఫోన్ తీశాడు. నంబరు తానే నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ను బల్ల మీద సింధూజ వైపు జరిపాడు.

"నువ్వే చెప్పు," అన్నాడు. "నా నోటికి రాదు."

చాలాసేపు మోగాక అవతల ఒక పెద్దాయన గొంతు పలికింది. పరీక్షలు చూసే అధికారి. సింధూజకు ఆయన గొంతు తెలుసు.

"నమస్తే సార్. కోదాడ నుంచి సింధూజను. మీకొక సంగతి చెప్పాలి. ఎండాకాలంలో మీరు పరీక్ష చేసిన ముక్క మా కొత్త దారానిది కాదు సార్. పొరపాటున పాత రేయాన్ గుడ్డతో చేసి పంపాం. నిన్ననే బయటపడింది. ఇప్పుడు నాజిల్‌లో ఉన్నది కొత్త గుడ్డ. అది మీ మంటలో ఇంతవరకు పరీక్ష కాలేదు. దయచేసి బుధవారం మండించవద్దు."

ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పాక ఒళ్లంతా తేలికైంది. ఇక ఏమైనా కానీ అనుకుంది. తాను చేసిన ఇన్నేళ్ల పని అక్కడితో ఆగిపోయినా సరే, ఈ రాత్రి నిద్ర పడుతుంది.

అవతల గాలి హోరు మాత్రం వినిపిస్తోంది.

"సార్? వినిపిస్తుందా?"

"వినిపిస్తుందమ్మా." ఆయన గొంతు మారింది. "బుధవారం దాకా ఆగలేదండి మేము. అల్పపీడనం వచ్చేస్తుంది, వారం రోజులు వానలన్నారు. అందుకని ఇవాళ పొద్దున్నే కాల్చేశాం. మీ కార్తీక్ గారితో చెప్పాం కదా. ఆయన మీకు ఫోన్ చేయలేదా?"

దామోదర్ కుర్చీలోంచి సగం లేచాడు. "మావోడు ఏడి? మా కార్తీక్ ఏడి?"

"ఇక్కడే ఉన్నారండి. ఉండండి, ఇస్తున్నాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఎవరివో అడుగులు. యుగంధర్ చేయి గాలిలో వెతికి బల్ల అంచును పట్టుకుంది.

"అక్కా," అంది కార్తీక్ గొంతు.

"తమ్మీ, నువ్వు మంచిగున్నవా? అందరు మంచిగున్నరా?"

"మనుషులకు ఏం కాలేదక్కా. అందరం మంచిగనే ఉన్నం."

దామోదర్ దబ్బున కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు మూసుకుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సింధూజ కళ్లలో నీళ్లు తిరిగాయి. యుగంధర్ పెదవులు ఏదో గొణుగుతున్నాయి.

"మరి ఫోన్ చెయ్యలేదేంరా?" దామోదర్ చేతుల మధ్యలోంచి అడిగాడు.

"ఏం చెప్పాల్నో సమజ్ కాలే నాయినా. మస్తు సేపు గిట్లనే నిలబడ్డ." గాలిలో వినపడాలని కార్తీక్ గొంతు పెంచాడు. "అక్కా, గొంతు రింగు నా చేతులల్లనే ఉన్నది."

సింధూజకు ముందు అర్థం కాలేదు. రింగును ఉక్కు డొల్ల లోపల జిగురుతో అతికి, బట్టీలో పెట్టి గట్టిపరుస్తారు. ఒకసారి అతికాక రంపం పెడితే తప్ప అది ఊడిరాదు.

"చేతులల్ల ఉన్నదా? అది నీ చేతులల్లకు ఎట్లొచ్చింది? పగిలిందా?"

"పగల్లే అక్కా. ఒక్క పొర గూడ ఇడిపోలే. పైన గింత కాలింది, గంతే. పాతదాని కంటె నయం. గిక్కడోల్లు అందరు అదే అంటున్నరు, గింత మంచిగ ఆగిన గుడ్డను సూడలేదని."

"మరి?"

సముద్రపు గాలి ఫోన్‌లో గట్టిగా కొట్టింది. ఆ గాలిలోంచి కార్తీక్ మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

"రింగు నిండుగనే ఉన్నదక్కా. దాని ఎనకున్న ఉక్కే లేదు, మొత్తం కరిగిపోయింది."